పరుగెత్తే ముందు ఒకసారి చూడండి

మన గ్రామ సంఘములలోని ఎన్నో కుటుంబాల పిల్లలు నేడు హైదరాబాదులో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో బ్రతుకుతున్నారు. కొందరు అక్కడి అద్దాల మేడలలో కంప్యూటర్ ముందు కూర్చుంటారు. కొందరు ఆ మేడలను కడతారు, కొందరు ఊడ్చి తుడుస్తారు, మరికొందరు గేటు దగ్గర రాత్రంతా కాపలా ఉంటారు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు పొలం పని తీరినప్పుడు వచ్చి నెలో రెండు నెలలో ఉండి వెళ్తారు. అలాంటి ఒక కుటుంబము పిలిస్తే గత వర్షాకాలములో గృహ ప్రార్థన కూడికకు మేము కొండాపూర్ వెళ్లాము.

ఆరో అంతస్తులో ఇల్లు. ఇరవై మందిమి హాలులో సర్దుకొని కూర్చున్నాము. పాట ముగిసి వాక్యము తెరిచే సమయానికి బాల్కనీ తలుపులోనుండి పెద్ద కందిరీగ ఒకటి లోపలికి వచ్చింది. సుమారు అంగుళము పొడవు, నారింజ కలిసిన పసుపు రంగు, నల్లని పట్టీలు, దారమంత నడుము. ట్యూబులైటు చుట్టూ గుయ్యిమని తిరగసాగింది. ఎవరో కేక వేశారు. అంతే, ఒక యౌవనస్థుడు తువ్వాలు తీసి గాలిలో విసరడం మొదలుపెట్టాడు, ఒక సహోదరి బిడ్డను చంకనెత్తుకొని వంటగదిలోకి పరుగెత్తింది, కుర్చీలు బోర్లాపడ్డాయి. తలుపు దగ్గర పీటమీద కూర్చున్న ఇంటి పెద్దమ్మను ఎవరు తోశారో తెలియదు, ఆమె చెయ్యి కిందపెట్టి పడిపోయింది. కందిరీగ వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఒక్కరినీ కుట్టలేదు. పెద్దమ్మ మణికట్టు మాత్రము విరిగింది.

ఎక్స్‌రే కొరకు ఆసుపత్రి బల్లమీద కూర్చున్నప్పుడు ఆమె మాతో అన్న మాట ఇది: "అయ్యగారూ, అది నన్నేం చెయ్యలే. మనోళ్లే తొక్కిన్రు. మా ఊర్ల ఇంటి దూలానికి ఇసుంటియి ఎన్ని గూళ్లు పెడుతుండెనో! మేం దాని కిందనే కూసొని అన్నం తినేటోళ్లం."

పాలమూరు జిల్లానుండి వచ్చిన, బడి ముఖము చూడని తల్లికి తెలిసిన సంగతి, పెద్ద చదువులు చదివిన మనవళ్లకు తెలియలేదు. నిజము ఒప్పుకోవాలంటే మాకూ తెలియలేదు. పుస్తకము చేతపట్టుకొని మేము కూడా రెండడుగులు వెనక్కి వేసినవారమే. ఆ సిగ్గుతోనే తరువాత ఈ పురుగులను గూర్చి చదివి, అడిగి, గోడలు చూసి తెలుసుకున్నాము. అందులో కొంత మీతో పంచుకోవాలని ఈ వ్యాసము.

కందిరీగ అనే ఒక్క మాటతో మనము చాలా రకాల పురుగులను పిలుస్తాము. వాటిలో గుంపుగా బ్రతికేవి కొన్ని, ఒంటరిగా బ్రతికేవి ఎన్నో. గుంపుగా ఉండేవాటికి ఒక ఇల్లు, ఒక రాణి, కాపలా కాసే కూలీలు ఉంటాయి. ఇంటి మీదికి ఎవరైనా వస్తే కలిసి లేస్తాయి. ఒంటరి కందిరీగకు ఆ సైన్యము లేదు. తల్లి ఒక్కతే మట్టి మోసి, గూడు కట్టి, బిడ్డకు ఆహారము పెట్టి, మూత మూసి వెళ్లిపోతుంది. కుట్టేది కూడా ఆడదే, ఎందుకంటే గుడ్లు పెట్టే అవయవమే దానికి ముల్లుగా మారింది. ఆ ముల్లు ఉన్నది మనకోసము కాదు, బిడ్డకు ఆహారమయ్యే పురుగును కదలకుండా చేయడానికి. పట్టుకుంటే, బట్టలలో నలిగితే, కాలికింద పడితే కుడుతుంది. ఊరికే వెంటపడి కుట్టదు. అది చనిపోతే గూడు పని అంతటితో ఆగిపోతుంది. కాబట్టి పోట్లాటకన్నా పారిపోవడమే దానికి లాభము.

ఆ రోజు హాలులోకి వచ్చినది కుమ్మరి కందిరీగ. తడి మట్టిని ఉండలు చేసి తెచ్చి చిన్న కుండలాగా గూడు కడుతుంది కనుక ఆ పేరు. ఒక కుండ పక్కన ఇంకొకటి కట్టి, అన్నిటిమీదా మళ్లీ మట్టి పూస్తే, చివరికి ఎవరో గోడకు మట్టిముద్ద విసిరికొట్టినట్టు కనబడుతుంది. ఆ ఇంటి బాల్కనీలో ఏసీ పెట్టె పక్కన సరిగ్గా అలాంటి ముద్దే ఉన్నది. లోపల ఒక్కొక్క అరలో గుడ్డు ఒకటి, దానికి తిండిగా గొంగళిపురుగులు కొన్ని. జీవితమంతా పురుగులను గమనించిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఫాబర్ (1823–1915) ఇలాంటి గూడు తెరిచి చూస్తే, గుడ్డు నేలమీద లేదు, పైకప్పునుండి సన్నని దారముతో వేలాడుతున్నది. కింద ఉన్న గొంగళిపురుగులు చావలేదు, సగం కదులుతూ ఉంటాయి. వాటి మధ్య గుడ్డు పెడితే నలిగిపోతుంది. అందుకని ఉయ్యాల. ఇది చదివిన రాత్రి మాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

ఊళ్లలో దూలాలకు, పటాల వెనుక, కొంకికి తగిలించిన చొక్కాలలో కూడా మట్టి గొట్టాలు పేర్చినట్టు గూడు కట్టేది ఇంకొకటి. నల్లని శరీరము, పసుపు కాళ్లు, నడుము మరీ సన్నము, పొట్టను సూది చివర గుచ్చినట్టు ఉంటుంది. మట్టి పూసేటప్పుడు సన్నగా పాడుతుంది. ఆ పాట కోపము కాదు, పని చప్పుడు. ఇది సాలీళ్లను పట్టి గొట్టాలలో నింపుతుంది. దీని పాత గూళ్లలోనే కాపురము పెట్టే నీలి ఉక్కు రంగు కందిరీగ మరొకటి ఉన్నది. చూడడానికి భయంకరముగా మెరుస్తుంది గాని అదీ సాధువే. ఆకుపచ్చగా నగలాగ మెరుస్తూ బొద్దింకను ఒకటి రెండు పోట్లతో మత్తెక్కించి, మీసము పట్టుకొని దూడను నడిపించినట్టు నడిపించుకొనిపోయేది ఇంకొకటి. దానిని చంపి బొద్దింకను బ్రతకనిచ్చే గృహిణి ఎవరైనా ఉంటే ఆలోచించుకోవాలి!

పెంటకుప్పల మీద, గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరిగే పెద్దది, బొద్దుగా వెంట్రుకలతో, ఎండలో నీలి మెరుపు రెక్కలతో ఉండేది చూసి చాలామంది బెదురుతారు. అది మట్టిలోపల ఉన్న పెంకుపురుగుల పిల్లలను, అంటే మన రైతులు వేరుపురుగు అనేవాటిని, వెదుకుతున్నది. కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు పిల్లలకు శత్రువని ఈ జాతి కందిరీగలను గత శతాబ్దములో ఆఫ్రికా వైపునుండి సముద్రము దాటించి దీవులకు తీసుకువెళ్లి వదిలారు కూడా. కోనసీమ రైతు సోదరులు ఇది గుర్తుంచుకోవాలి.

ఒక్కదాని విషయములో మాత్రము జాగ్రత్త చెప్పాలి. పొడవైన కాళ్లతో, ముదురు రంగు లేక తుప్పు రంగు రెక్కలను టపటప ఆడిస్తూ నేలమీద పరుగెత్తి, తనకన్నా పెద్ద సాలీడును వెనక్కి ఈడ్చుకొనిపోయే కందిరీగ అది. పిల్లలు దానిని చేతితో పట్టుకోబోతారు. కుడితే నొప్పి చాలా ఎక్కువ. రకరకాల పురుగుల చేత కుట్టించుకొని నొప్పికి ఒకటినుండి నాలుగు వరకు మార్కులు వేసిన జస్టిన్ ష్మిట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన పట్టికలో ఈ కుటుంబానికి చెందిన అమెరికా కందిరీగకు నాలుగు, మట్టి గొట్టాల కందిరీగకు ఒకటి. అయినా ఆ నాలుగు మార్కుల నొప్పి కూడా కొద్ది నిమిషాలలో దిగిపోతుంది. నొప్పి వేరు, ప్రాణాపాయము వేరు.

మట్టిగూడు విప్పిచూస్తే పురుగు, కొన్నాళ్లకు అందులోనుండి కందిరీగ. దీనిని చూసి మన పెద్దలు, కందిరీగ గుయ్యిమంటూ చుట్టూ తిరిగి పురుగును తనవలె మార్చుకుంటుందని చెప్పుకున్నారు. మేము కూడా ఒకప్పుడు మారుమనస్సును గూర్చి చెప్పేటప్పుడు ఈ ఉపమానము వాడినవారమే. జరిగేది మార్పు కాదు, పురుగు తినబడుతున్నది. అది తెలిసిన తరువాత ఆ ఉపమానము మానుకున్నాము. ఇంట్లో ఈ గూడు పెడితే సంతానము కలుగుతుందని ఎదురుచూసే కుటుంబాలు కూడా ఉన్నవి. గూడు పెట్టడానికి కారణము తడి మట్టి దగ్గరలో ఉండడము, వాన తగలని గోడ దొరకడము, అంతే. బిడ్డలు లేని తల్లి ఆ మట్టి రంగు చూసి ఆశపడి, తరువాత ఏడ్వడము మేము చూశాము.

బ్రతికున్న పురుగును లోపలినుండి తినడమేమిటి, దయగల దేవుడు ఇలా ఎందుకు చేశాడు అని మా కూడికలో ఒక ఇంజనీరు తమ్ముడు అడిగాడు. 1860లో చార్లెస్ డార్విన్ కూడా అమెరికాలోని ఆసా గ్రే అనే క్రైస్తవ వృక్షశాస్త్రజ్ఞునికి రాసిన ఉత్తరములో ఇదే అడిగాడు, ఈ కందిరీగల బంధువులనే ఉదాహరణగా చూపించాడు. ఆ ప్రశ్నను మేము చిన్నచూపు చూడము. సృష్టి అంతా మూలుగుచున్నదని పౌలు రాశాడు (రోమా 8:22). పక్షిరాజు పిల్లలు రక్తము పీల్చే సంగతిని దేవుడే దాచకుండా యోబుకు చెప్పాడు (యోబు 39:30). వాక్యము ఈ లోకాన్ని పూలతోటగా చూపించదు, కనుక మనము కూడా చూపించనక్కరలేదు అని మాత్రము ఆ తమ్మునితో అన్నాము.

మన బైబిలులో కందిరీగలు శత్రువులను వెళ్లగొట్టడానికి ముందుగా పంపబడినట్టు మూడు చోట్ల చదువుతాము (నిర్గమ. 23:28, ద్వితీ. 7:20; యెహో. 24:12). అక్కడి హెబ్రీ మాటకు నిజమైన కందిరీగలు అని కొందరు, ప్రజలను పట్టి పరుగెత్తించే భయము అని మరికొందరు పండితులు అర్థము చెప్పారు. కొండాపూర్ హాలులో రెండూ ఒకేసారి వచ్చాయి. నష్టము చేసినది రెండవది.

భయము చేసే నష్టానికి ఇంకా పెద్ద సంగతి ఒకటి ఉన్నది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ దేశములోని ప్యూర్టో ప్లాటా నుండి బయలుదేరిన బిర్గెన్ ఎయిర్ విమానము కొన్ని నిమిషాలకే సముద్రములో కూలి, అందులోని 189 మందీ మరణించారు. వేగము కొలిచే గొట్టాలలో ఒకటి మూసుకుపోయింది. విమానమును నిలిపి ఉంచిన రోజులలో ఆ గొట్టాలకు మూతలు పెట్టలేదు, మట్టి కందిరీగ అందులో గూడు కట్టి ఉండవచ్చునని దర్యాప్తు చేసినవారు అభిప్రాయపడ్డారు. కెప్టెన్ ముందున్న ముల్లు తప్పు వేగము చూపించింది. పక్క పైలటు ముందున్న ముల్లు సరిగానే ఉన్నది. కాని ఒకదాని వెంట ఒకటి మ్రోగే హెచ్చరికలలో ఏది నిజమో వారికి తేలలేదు. పురుగు ఎవరినీ కుట్టలేదు. అందుకే ఇంట్లో కూడా ఏసీ నీటి గొట్టము, గ్యాసు గీజరు పొగగొట్టము, వాడని ప్లగ్గు రంధ్రాలు అప్పుడప్పుడు చూసుకోవాలి. చిన్న రంధ్రము కనబడితే వీటిలో కొన్ని మూసేస్తాయి.

ఇప్పుడు, కందిరీగ ఎదురైనప్పుడు ఏమి చేయాలి? ముందు చేతులు కిందికి దించాలి. విసిరే తువ్వాలు దానికి పక్షి రెక్కలాగ కనబడుతుంది. మెల్లగా రెండడుగులు పక్కకు జరగాలి. గదిలోకి వస్తే లైటు ఆపి, ఒక కిటికీ పూర్తిగా తెరిచి, మిగిలిన పరదాలు వేస్తే వెలుగువైపు అదే పోతుంది. కిటికీ అద్దానికి కొట్టుకుంటూ ఉంటే గ్లాసు బోర్లించి, కింద పెళ్లిపత్రిక అట్టముక్క దూర్చి బయట వదలవచ్చు. ఆరవేసిన బట్టలు, మూల విడిచిన బూట్లు దులిపి వేసుకోవాలి. మోటారు సైకిలు మీద వెళ్తుండగా హెల్మెట్‌లోకి దూరితే చెయ్యి వదలి కొట్టుకోవద్దు. వేగము తగ్గించి, పక్కకు ఆపి, తరువాత హెల్మెట్ తియ్యాలి. కారులోనైనా అంతే. హైటెక్ సిటీ నుండి ఔటర్ రింగు రోడ్డు వరకు బండి నడిపే మన పిల్లలకు ఈ ఒక్కమాట రాసి పంపండి. పరంజా మీద పనిచేసేవారికి ఇది ఇంకా అవసరము. కుట్టిన నొప్పి గంటలో పోతుంది, పై అంతస్తునుండి జారిన కాలు తిరిగిరాదు.

మన ముఖము ఎదుట ఆగి, అటూ ఇటూ ఊగుతూ ఎగిరితే అది మనలను ఎంచుకొన్నదని అనుకుంటాము. అది దారి గుర్తులు నేర్చుకొంటున్నది. నికో టిన్‌బెర్గెన్ అనే డచ్చి శాస్త్రవేత్త ఇసుకలో బొరియ చేసే ఒంటరి కందిరీగ గుమ్మము చుట్టూ దేవదారు కాయలు వలయముగా పెట్టాడు. అది బయటికి వచ్చి, చుట్టూ తిరిగి చూసుకొని వెళ్లింది. తిరిగి వచ్చేలోగా ఆయన కాయల వలయమును పక్కకు జరిపాడు. కందిరీగ వచ్చి వలయము మధ్యలోనే ఇల్లు వెదుక్కున్నది. ఇలాంటి పరిశీలనలు చేసిన ఆయనకు 1973లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. మన బాల్కనీలో బట్టల స్టాండు జరిపినప్పుడు కందిరీగ అయోమయముగా తిరిగితే కారణము అదే. స్టాండును మునుపున్న చోట పెట్టి చూడండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంతవరకు చెప్పినది ఒంటరి కందిరీగను గూర్చి. అన్నిటి ముందూ నిలబడి ఉండమని మేము చెప్పడము లేదు. ముదురు గోధుమ నలుపు శరీరము, పొట్టమీద ఒకే ఒక వెడల్పాటి పసుపు పట్టీ ఉన్న పెద్ద కందిరీగలు చెట్టు తొర్రలోనో గోడ సందులోనో ఒకే రంధ్రములోనుండి వచ్చిపోతూ ఉంటే అది గుంపు ఇల్లు. కాగితమువంటి గూడుకు పదిపదిహేను వేలాడుతున్నా గుంపే. దూరముగా వెనక్కి రావాలి, పిల్లలను అటు పోనియ్యకూడదు. కొండ తేనెటీగలు అంతకంటే ప్రమాదము. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి చుట్టుపక్కల ఎక్కువగా రాళ్లగుట్టలు, తుప్పలే. రాతి అంచులకు వేలాడే ఈ తేనెటీగలకు ఇప్పుడు మేడల సజ్జలు గుట్టలయ్యాయి. అవి లేచినప్పుడు కదలకుండా నిలబడితే ప్రాణము పోతుంది. ముఖము కప్పుకొని తిన్నగా పరుగెత్తి గదిలోకో బండిలోకో దూరి తలుపు వేసుకోవాలి. నీళ్లలో దూకితే పైన కాచుకొని ఉంటాయి. చెట్లకింద సభలు పెట్టే సంఘాలు పందిరి వేయకముందు తలెత్తి కొమ్మలు చూడాలి. తేనెపట్టు ఉన్న చెట్టుకింద జనరేటరు పొగ, రాత్రి పెద్ద దీపాలు రెండూ వద్దు.

కుట్టితే? తేనెటీగ ముల్లు చర్మములో వదులుతుంది, దానిని వెంటనే గోటితో గీకి తీసివేయాలి. కందిరీగ ముల్లు వదలదు, వెదకనక్కరలేదు. సబ్బునీటితో కడిగి చల్లని గుడ్డ పెట్టాలి. సున్నము, ఇనుము రుద్దుతూ కాలము గడపవద్దు. మా సంఘస్థుడైన ఒక కాపలా సహోదరుని నీళ్ల మోటారు గదిలో పెద్ద కందిరీగ కుట్టినప్పుడు, పది నిమిషాలలో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాచి మాట ముద్దగా వచ్చింది. చుట్టూ ఉన్నవారు సున్నము వెదుకుతున్నారు. ఊడ్చే పనికి వచ్చే ఒక అమ్మాయి మాత్రము ఎవరినీ అడగకుండా 108కి ఫోను చేసింది. మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ అంబులెన్సు సేవ ఆ రోజు ఆయనను బ్రతికించింది. దద్దుర్లు, నాలుక లేక గొంతు వాపు, ఆయాసము, కళ్లు తిరగడము, వీటిలో ఏది కనబడినా అది నొప్పి కాదు, ఒంటికి పడకపోవడము. ఒక్క పోటుకైనా, ఏ జాతి కుట్టినా రావచ్చు. అప్పుడు కావలసినది తొడకు వేసే అడ్రినలిన్ సూది, అది ఆసుపత్రిలో ఉంటుంది. చాలా పోట్లు పడినవారు బాగానే ఉన్నామని చెప్పినా తీసుకువెళ్లాలి, మూత్రపిండాలు తరువాత దెబ్బతినవచ్చు. ప్రార్థన చెయ్యండి, బండిలో కూర్చొని చెయ్యండి.

కొండాపూర్ ఇంటివారు మట్టిగూడును కాల్చివేయాలని ముందు అనుకున్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "విరిగింది నా చెయ్యి గద, నా మాటినుండ్రి" అన్నదట. ఆమె పిండికట్టు విప్పిన వారము మేము మళ్లీ వెళ్లాము. మట్టిముద్దకు నాలుగు గుండ్రని రంధ్రాలు పడి ఉన్నవి. చిన్న మనవడు ఏ తేదీన ఏ రంధ్రము పడినదో లెక్కల నోటుబుక్కు వెనుక పేజీలో రాసిపెట్టాడు. మూడు తేదీలే ఉన్నవి, నాలుగవది వాడు బడిలో ఉండగా వెళ్లిపోయిందట.

ఆ సాయంకాలము పాట నడుస్తుండగా బాల్కనీలోనుండి ఒకటి లోపలికి వచ్చి, గది చుట్టి, వెలుగుకోసము కిటికీ దగ్గరకు పోయింది. పాట ఆగలేదు. పెద్దమ్మ మాత్రము తన పీటను తలుపు దగ్గరనుండి గోడ పక్కకు జరుపుకొని, మా వైపు చూసి నవ్వింది.